పరిశీలన: మార్పు లేదు

ఆ బడిలో రసాయనశాస్త్రం చెప్పే సారుకి పిల్లలు పెట్టిన పేరు లిట్మస్. ఊరికే పెట్టలేదు లెండి. హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడం గదిలోకి వెళ్ళేటప్పుడు ఆయన ముఖం ఒక రంగులో ఉంటుంది, బయటికొచ్చి పిల్లల మీద పడేటప్పుడు ఇంకో రంగులోకి తిరుగుతుంది. ఆయన ఎదురుగా ఎవరున్నారో తెలియాలంటే ఆయన ముఖం చూస్తే చాలు, వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. ఈ పేరు ఎవరు పెట్టారో కనిపెట్టాలని ఆయన రెండేళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని తిరిగాడు. ఒకరోజు పెద్ద మేడమే నోరు జారి "ఏమయ్యా లిట్మస్" అనేసరికి, హిహిహి అని నవ్వేసి ఆ దర్యాప్తు మూసేశాడు.

ఇరవై నాలుగేళ్ళ సర్వీసు ఆయనది. ఏటా పదో తరగతికి ఆయన చేయించే పెద్ద ప్రయోగం ఒక్కటే: రసాయన చర్యలను పరిశీలించుట, వాటిని రకాలుగా వర్గీకరించుట. నాలుగు రకాలు. వాటిని ఆయన బోర్డు మీద చెప్పే తీరు ఇరవై నాలుగేళ్ళుగా ఒక్క ముక్క మారలేదు. "రెండు కలిసి ఒకటైతే సంయోగం. ఒకటి విడిపోయి రెండైతే వియోగం. బలమైనది వచ్చి బలహీనమైనదాన్ని తరిమేసి దాని కుర్చీలో తాను కూర్చుంటే స్థానభ్రంశం. రెండు జంటలు ఒకరి తోడుని ఒకరు మార్చుకుంటే ద్వంద్వ వియోగం. దీనికి నవ్వినవాళ్ళు బయట నిలబడతారు."

నవ్వేవాళ్ళు. నిలబడేవాళ్ళు.

ఇక ప్రయోగం చెయ్యడమంటారా, అదొక తమాషా. ల్యాబ్ బీరువాలో అన్నిటికీ మూలమైన పాత రికార్డు పుస్తకం ఒకటి ఉంది. ఎన్నో ఏళ్ళ కిందట బడిలో ఫస్టు వచ్చిన ఓ కుర్రాడు రాసింది. ఇప్పుడు ఆ కుర్రాడికి బట్టతల వచ్చేసి ఉంటుంది, రికార్డు మాత్రం అట్ట మీద అట్ట వేయించుకుంటూ బతుకుతోంది. ప్రతి ఏడూ పిల్లలు దాన్ని తు చ తప్పకుండా తమ రికార్డుల్లోకి ఎక్కిస్తారు. తు చ తప్పకుండా అని నేను ఊరికే అనడం లేదు. స్థానభ్రంశం ప్రయోగంలో, కాపర్ సల్ఫేట్ నీలి ద్రావణంలో వేసిన ఇనప మేకు మీద పట్టే పూత రంగు ఆ కుర్రాడు మొదట "గోధుమ" అని రాసి, కొట్టేసి, పైన "ఎర్రటి గోధుమ" అని దిద్దాడు. అప్పటినుంచీ ఆ బడిలో ప్రతి రికార్డులోనూ "గోధుమ" అని రాసి, కొట్టేసి, పైన "ఎర్రటి గోధుమ" అని ఉంటుంది. "వాసన భరించలేక కిటికీ తెరిచితిమి" అని కూడా ఉంటుంది. ల్యాబ్ కిటికీకి మేకులు కొట్టి పదిహేనేళ్ళయింది. ఆ వాక్యం పక్కన లిట్మస్ సారు ఏటా ఎర్ర సిరాతో టిక్కు పెడుతూనే ఉన్నాడు.

ఇలా సాఫీగా సాగిపోతున్న బండికి ఆ ఏడాది ఒక అడ్డం వచ్చింది. ఆయన సొంత కూతురు పదో తరగతికి వచ్చింది.

ఆ పిల్లకి ఇంట్లో పేరు తనిఖీ. ఉగ్గు తినే వయసు నుంచీ ఏ గిన్నె మీద మూత ఉన్నా తీసి చూడందే ఊరుకునేది కాదు. ఒకసారి రేడియో మూత కూడా తీసింది, మళ్ళీ పెట్టలేదు. బడిలో తండ్రిని "సార్, మీరు" అంటుంది. గేటు దాటిందంటే "నాన్నా, నువ్వు" అంటుంది. ఆ గేటు దగ్గర మాట మారే క్షణం ఉంది చూశారూ, రోజు మొత్తంలో ఆయనకి అదే ఇష్టమైన క్షణం. ఎంత అలిసిపోయినా, పెద్ద మేడం ఎన్ని చీవాట్లు పెట్టినా, గేటు బయట "నాన్నా, నా సంచీ పట్టుకో" అని వినపడగానే ఆయన భుజాలు కిందకి దిగేవి. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా.

ప్రాక్టికల్ పరీక్షకి నాలుగు రోజుల ముందు రిహార్సల్ పెట్టాడు. అవును, ప్రయోగానికి రిహార్సల్. ఆ ఏడాది సంగతే వేరు మరి. పెద్ద మేడం నెలాఖరుకి రిటైరవుతోంది. ఆ కుర్చీ కోసం లిట్మస్ సారు ఎన్నాళ్ళ నుంచి గుటకలు మింగుతున్నాడో దేవుడికే తెలియాలి. మేడం ఒక సిఫార్సు ఉత్తరం రాస్తానంది. దాంతోపాటు పరీక్షకి వేరే బడినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ సారు "ప్రయోగశాల నిర్వహణ" అనే గడిలో ఏం రాస్తాడో అదీ పైకి వెళ్తుంది. ఆ రెండు కాగితాలూ బాగుంటే కుర్చీ ఈయనదే.

రిహార్సల్‌లో నలభై రెండు మంది పిల్లలు నాలుగు బల్లల చుట్టూ నిలబడ్డారు. నలభై ఒక్క మంది మేకు గాజు గొట్టంలో వెయ్యకముందే "నీలి ద్రావణం ఆకుపచ్చగా మారెను" అని రాసేసి కలం మూతలు పెట్టేశారు. తనిఖీ ఒక్కతే గొట్టం ముందు గడ్డం ఆనించి కూర్చుంది. లిట్మస్ సారు సంతకాలు పెట్టుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి రికార్డు చూశాడు.

"ఇదేమిటి?"

"చూసింది రాశాను సార్. అరగంట నుంచి చూస్తున్నాను. మార్పు లేదు."

"మారుతుంది."

"ఎప్పుడు సార్?"

"పుస్తకంలో మారుతుందని ఉంది కదా!"

"పుస్తకంలో గొట్టం మారుతోంది సార్. ఇది ఇక్కడి గొట్టం. నాలుగు రకాలు చెప్పారు కదా, ఏమీ జరగకపోతే అది ఏ రకం సార్?"

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. సారు ముఖం ఎర్రబడింది. "నోరు మూసుకుని రికార్డులో ఉన్నది ఎక్కించు" అని గొట్టం లాక్కోబోయాడు. లాగడంలో ఆ నీలి ద్రావణం సగం ఒలికి పిల్ల తెల్ల యూనిఫాం మీద పడింది. చొక్కా ముందంతా నీలమే.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన దోషిలా కూర్చున్నాడు. కాపర్ సల్ఫేట్ మరక పోదే, చొక్కా పాడైనట్టే అని భార్యకి ముందే క్షమాపణ చెప్పుకున్నాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. రోజూ తెల్లబట్టలతోనే కాపురం. చొక్కా తీసుకెళ్ళి బకెట్లో జాడించింది. పది నిమిషాల్లో బయటికి వచ్చి ఆయన ముఖం ముందు చొక్కా పట్టుకుంది. చొక్కా తళతళా మెరిసిపోతోంది. కొన్నరోజు కూడా అంత తెల్లగా లేదు.

"ఏవండీ, మీ ల్యాబ్‌లో చాకిరేవు పెట్టారా?"

"అంటే?"

"అంటే ఏముంది, ఇది బట్టల నీలం. నేను పదహారేళ్ళ నుంచి రోజూ వాడుతున్నది. పిల్లకి రేపు మిగతా యూనిఫాం కూడా ఇచ్చి పంపిస్తాను, అక్కడే ముంచి తెమ్మనండి."

తనిఖీ పగలబడి నవ్వింది. "నాన్నా, నువ్వు బట్టల నీలంలో మేకు వేయించి ఆకుపచ్చ అయిందని టిక్కు పెడుతున్నావా!" అని తండ్రి మెడ పట్టుకుని ఊపేసింది. ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మంచినీళ్ళు అడిగి తాగాడు.

మర్నాడు బడి గంట కొట్టకముందే ల్యాబ్ అటెండర్ని పట్టుకున్నాడు. అటెండరు ముసలాయన, పిల్లలందరికీ తాత. ఒక్కరోజు సెలవు పెట్టి ఎరగడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, అంతకు తక్కువా చెయ్యడు, ఎక్కువా చెయ్యడు.

"ఏమయ్యా, ఆ సీసాలో ఉన్నదేమిటి?"

"నీలం మందు సార్."

ఎంత తేలిగ్గా అన్నాడో! లిట్మస్ సారు సీసా మూత తీసి చూశాడు. "కాపర్ సల్ఫేట్ ఏదయ్యా?"

"అది అయిపోయి పదకొండేళ్ళయింది కద సార్. అప్పుడు ఇన్‌స్పెక్షన్‌కి పెద్దాఫీసరు వస్తున్నాడని మీరే కంగారుపడి, రేపటికి ఏదో ఒకటి నీలంగా ఉండేది పోసి పెట్టు అన్నారు. పోశాను."

"రేపటికి అన్నాను!"

"రేపటికే పోశాను సార్. ఎల్లుండికి ఏం పొయ్యాలో మీరు చెప్పలేదు. ఆపమనీ చెప్పలేదు. తగ్గినప్పుడల్లా కలుపుతున్నాను. అడుగున పేరుకోకుండా పరీక్ష రోజు పొద్దున్నే బాగా కుదుపుతాను కూడా." ఆ చివరి మాట అన్నప్పుడు ముసలాయన ముఖంలో కొంచెం గర్వం కనపడింది. "ఇంకా ఆ తెల్ల అవక్షేపం సీసా ఉంది కద సార్, దాంట్లో..."

"వద్దు. చెప్పకు."

పదకొండేళ్ళు. ఏడాదికి నలభై మంది చొప్పున లెక్కేసుకున్నాడాయన, మధ్యలోనే ఆపేశాడు. ఇంతమందిలో ఒక్కరైనా నీలం నీలంగానే ఉందని అనలేదే! అన్నా తను విన్నాడా? ఆ ప్రశ్న వెంటే వచ్చింది. దాన్ని కూడా వద్దు, చెప్పకు అన్నట్టు తోసేశాడు.

అసలు కాపర్ సల్ఫేట్ ఆ బడిలో లేకపోలేదు. ఉంది. పెద్ద మేడం గదిలో, అద్దాల బీరువాలో, ఆటల పోటీల్లో గెలిచిన కప్పుల పక్కన, సీలు విప్పని సీసా నిండా మెరిసే నీలి పలుకులు. తొమ్మిదేళ్ళ కిందట ఇండెంటు మంజూరై వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ మేడం చూపిస్తుంది: మా బడికి ఏ లోటూ లేదు, చూడండి. బీరువా తాళం ఆవిడ కొంగున ఉంటుంది.

లిట్మస్ సారు ఆ గదిలోకి వెళ్ళాడు. చేతులు కట్టుకున్నాడు. సంగతి పూర్తిగా చెప్పకుండా, పరీక్ష కోసం ఆ సీసా ఒక్క పూట ఇప్పించమని అడిగాడు.

"వాడితే అయిపోదూ?" అంది మేడం.

"అదీ నిజమేనండి."

"ఎక్స్‌టర్నల్ ముందు నా గదిలోకే వస్తాడు. ఆ సీసా అక్కడ నిండుగా కనపడాలి. సీలు తీసి, సగం చేసి, మరకలు పెట్టి... ఏం బాగుంటుంది చెప్పు? నువ్వు ఈ కుర్చీలో కూర్చున్నాక నీ ఇష్టమయ్యా. తీసుకో, తాగు, కడుక్కో. నీ ఉత్తరం రాస్తున్నాను, ఇదిగో, సగం అయింది."

బల్ల మీద ఉత్తరం సగం రాసి ఉంది నిజంగానే. "క్రమశిక్షణ గల" అన్న దగ్గర ఆగింది. లిట్మస్ సారు దాన్ని తలకిందులుగానే చదువుకుని, "అలాగేనండి, తొందరేముందండి" అని వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చేశాడు. గుమ్మం బయట ఇద్దరు పిల్లలు కనపడితే వాళ్ళ మీద ఎందుకో అరిచాడు.

పరీక్ష ముందు రోజు సాయంత్రం పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బతిమాలాడనే చెప్పాలి. "కన్నా, ఒక్కసారికి అందరూ రాసినట్టు రాసెయ్. నేను ఆ కుర్చీలో కూర్చోగానే అసలు సీసా తీసి ల్యాబ్‌లో పెట్టిస్తాను. నీ మీద ఒట్టు. ఇప్పుడు ఇది బయటపడితే పదకొండేళ్ళ సంతకాలన్నీ నావే. కుర్చీ పోతుంది, పరువు పోతుంది."

"మరి ఎక్స్‌టర్నల్ సార్ నన్ను అడిగితే?"

"అడగడమ్మా. ఎవరూ అడగరు."

"నాన్నా, చీటీల్లో నాకు వేరే ప్రయోగం వస్తే బాగుండు" అంది తనిఖీ. మళ్ళీ, "నిన్ను అడిగితే నువ్వేం చెప్తావు?" అంది. ఆయన లేచి వెళ్ళి, అవసరం లేకపోయినా వీధి తలుపు గడియ చూసి వచ్చాడు.

ఎక్స్‌టర్నల్ సారు చంకలో గొడుగు పెట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం బస్సు అందుకోవాలట, అందరికీ ముందే చెప్పేశాడు. పెద్ద మేడం గదిలో సీసా చూసి "ఓహో" అన్నాడు. ల్యాబ్‌లోకి వచ్చి కుర్చీలో కూలబడి చీటీలు తీయించాడు. ఆ బడిలో పరీక్ష కూడా రికార్డు చివరి పేజీలోనే రాయాలి, దాని కిందే ఆయన సంతకం. పేజీలకి నంబర్లు ఉంటాయి కాబట్టి చింపడానికి లేదు. తనిఖీ చీటీ విప్పింది. స్థానభ్రంశం. తండ్రి వైపు చూసింది. ఆయన సున్నం డబ్బా మీద పేరు కాగితం సరిగ్గా అంటిందో లేదో పరీక్షిస్తున్నాడు.

ఐదు నిమిషాల్లో గది అంతా కలం మూతల చప్పుడు. పావుగంటకి సగం బల్లలు ఖాళీ. తనిఖీ మేకుని గరుకు కాగితంతో రుద్దింది, గొట్టంలో దించింది, గడియారం చూసి టైము వేసుకుంది, గడ్డం ఆనించుకుని కూర్చుంది. ఇరవై నిమిషాలు. ముప్ఫై. నలభై. ఎక్స్‌టర్నల్ సారు అందరి రికార్డుల్లోనూ సంతకాలు గీకేసి గొడుగు అందుకున్నాడు. ఒక్క రికార్డు తక్కువైంది.

"ఎవరమ్మా ఇంకా? ఏం చూస్తున్నావు అంతసేపు?"

"రంగు మారుతుందేమోనని సార్."

"మా సారు గారి అమ్మాయేనండి" అని అటెండరు మంచి జరుగుతుందనుకుని పక్కనుంచి అందించాడు.

ఎక్స్‌టర్నల్ సారు ఆ పేజీ చదివాడు. పైకే చదివాడు, ఖర్మ. "పరిశీలన: నలభై నిమిషాలు చూశాను. ద్రావణం రంగులో మార్పు లేదు. కదపకుండా ఉంచితే అడుగున నీలం పొడి పేరుకుంది. నిర్ధారణ: చర్య జరగలేదు. కాబట్టి ఇది నాలుగు రకాల్లో దేనికీ చెందదు."

ఎక్స్‌టర్నల్ సారు గొడుగు మళ్ళీ గోడకి ఆనించాడు. పక్క బల్ల దగ్గర సర్దుకుంటున్న పిల్లాడి గొట్టం ఎత్తి పట్టుకున్నాడు. కొత్త సిరా అంత నీలంగా ఉంది.

"ఇది ఏ రంగు?"

"ఆకుపచ్చ సార్" అన్నాడు పిల్లాడు, కన్ను ఆర్పకుండా.

"నీది?"

"లేత ఆకుపచ్చ సార్" అంది ఇంకో పిల్ల. రికార్డులో "లేత" అని ఉంది కదా మరి.

మూడోవాడు తెలివైనవాడు. "ఇప్పుడు నీలం సార్. కానీ ఆకుపచ్చగా మారింది సార్" అన్నాడు.

ఎక్స్‌టర్నల్ సారు తల ఊపి, తనిఖీ గొట్టం తీసుకుని లిట్మస్ సారు ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. "మీరు చెప్పండి సార్. ఇరవై నాలుగేళ్ళ అనుభవం. ఇది ఏ రంగు?"

గొట్టానికి అవతల పిల్ల ముఖం కనపడుతోంది, నీలంగా. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. నలభై నిమిషాలుగా గొట్టాన్ని ఎలా చూసిందో అలాగే చూస్తోంది, ఏమవుతుందా అని. నీలం అనాలి. ఒక్క మాట. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా, నేను అబద్ధం చెప్పను. అప్పుడే గుమ్మంలో పెద్ద మేడం వచ్చి నిలబడింది, చేతిలో మడత పెట్టిన ఉత్తరంతో.

"ఆకుపచ్చ" అన్నాడు లిట్మస్ సారు.

తనిఖీ చాలా మర్యాదగా, "అయితే నేను రాసింది మార్చుకోనా సార్?" అంది.

"మార్చుకోమ్మా, మార్చుకో, ఐదు నిమిషాలు ఇస్తాను" అన్నాడు ఎక్స్‌టర్నల్ సారు, ఎక్కడ లేని ఉదారంగా. పిల్ల స్కేలు తీసింది. "ద్రావణం రంగులో మార్పు లేదు" అన్న వాక్యం మీద ఒకటే సన్నటి గీత గీసింది, కింద అక్షరాలు చక్కగా చదువుకునేట్టు. దాని పైన "ఆకుపచ్చగా మారింది" అని రాసింది. పేజీ ఇచ్చేసి సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

ఎక్స్‌టర్నల్ సారు ఆ పేజీకి ఇరవైకి ఇరవై వేశాడు. ఆ ఏడాది బడి మొత్తంలో ఇరవై ఆ ఒక్క పిల్లకే. "ప్రయోగశాల నిర్వహణ" గడిలో "అత్యుత్తమం" అని రాశాడు. గేటు దాకా దిగబెట్టడానికి వచ్చిన లిట్మస్ సారు భుజం మీద చెయ్యి వేసి చెవిలో అన్నాడు: "నీలం అంటారేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి సార్. మీరు అంటే నేను రాయాలి. నేను రాస్తే రేపు మా బడికి వచ్చేవాడు మా సీసా అడుగుతాడు. మీది ఎంతో నయం, నీలంగానైనా ఉంది. మా దగ్గర సీసాయే లేదు, గోడమీద బొమ్మ చూపించేస్తాం." నవ్వుకుంటూ బస్సెక్కేశాడు.

గేటు దగ్గర తనిఖీ లేదు. ఆయన సంచీ పట్టుకోవడానికి అలవాటుగా చాచిన చెయ్యి జేబులో పెట్టుకుని ఒక్కడే ఇంటికి నడిచాడు.

ఇంట్లో పిల్ల మామూలుగానే ఉంది. మార్కులు చెప్పింది, తల్లి ముద్దు పెట్టుకుంది. తర్వాత మంచినీళ్ళ గ్లాసు తెచ్చి తండ్రి ముందు పెట్టి, "తాగండి సార్" అంది.

నర్సమ్మ ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. వేళాకోళం అనుకున్నారు. మర్నాడు పొద్దున "సార్, మీ కళ్ళజోడు ఇక్కడుంది" అంది. మూడోరోజుకి నర్సమ్మ నవ్వడం మానేసి, "ఏం జరిగిందండీ అసలు?" అని ఆయన్ని అడిగింది. ఆయన నీళ్ళు నమిలాడు. వారానికి కోప్పడ్డాడు, నెలకి బతిమాలాడు. పిల్ల ఎదురుచెప్పలేదు, అలగలేదు, పిలిస్తే వచ్చేది, అడిగినదానికి జవాబు చెప్పేది. "మీరు" అని, "సార్" అని. అంతే. ఎవరైనా చూస్తే, అబ్బ ఎంత మర్యాద నేర్పారండీ అనేవాళ్ళు.

కుర్చీ వచ్చింది. బీరువా తాళం జేబులోకి వచ్చింది. సీసా మాత్రం ఎక్కడికీ పోలేదు. వచ్చిన కొత్తలో ఒకటి రెండుసార్లు తాళం తీశాడు కూడా. కానీ ఏదో ఒక ఆఫీసరు వచ్చే రోజో, పోయిన మర్నాడో అయ్యేది. నిండు సీసా పక్కన కప్పులు బాగానే కనపడుతున్నాయి. చూద్దాంలే అనుకున్నాడు. అలా ఏడాది గడిచింది. తనిఖీ పై చదువుకి వేరే కాలేజీలో చేరింది. ఇంట్లో "సార్" అలాగే ఉంది.

పరీక్షల ముందు రికార్డులు సంతకాలకి వచ్చాయి. హెడ్మాస్టరు కాబట్టి చివరి సంతకం ఆయనదే. మొదటిది తెరిచాడు. స్థానభ్రంశం పేజీలో "ద్రావణం రంగులో మార్పు లేదు" అని రాసి ఉంది. దాని మీద సన్నటి గీత. పైన "ఆకుపచ్చగా మారింది." గబగబా రెండోది తెరిచాడు. అదే వాక్యం, అదే గీత. మూడోది. పదోది. నలభై రికార్డుల్లోనూ స్కేలు పెట్టి మరీ గీశారు. ఒకడికి గీత వంకర పోతే తెల్ల సిరా పూసి మళ్ళీ గీశాడు.

ఒక పిల్లని పిలిపించి అడిగాడు. "ఇదేమిటమ్మా? రాయడమెందుకు, కొట్టెయ్యడమెందుకు?"

"పాత రికార్డు చెదలు తినేసిందంట సార్. తాత కొత్తది ఇచ్చాడు, ఇరవైకి ఇరవై వచ్చిన అక్కది. దాంట్లో అలాగే ఉంది సార్." ఆ పిల్ల కొంచెం భయపడి, "మొదట నిజం రాసి తర్వాత కొట్టేస్తేనే ఇరవై వస్తాయని అందరూ అంటున్నారు సార్" అంది.

ఆయన ఆ పిల్లని పంపించేశాడు. రికార్డుల దొంతర ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆ చేతిరాత నలభై మందిది, కానీ ఆయనకి ఒక్కరిదే కనపడుతోంది. తర్వాత లేచి, తాళం తీసి, సీసా బయటికి తీసి, సీలు పటుక్కున విరిచాడు. చప్పుడుకి అటెండరు పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో సార్! సీలు తీసేశారా? మరి... నీలం మందు ఆపెయ్యమంటారా?"

"ఆపెయ్" అన్నాడు ఆయన. పన్నెండేళ్ళకి.

ఆ సాయంత్రం ఒక పొట్లంలో కొన్ని పలుకులు, ఒక గొట్టం, ఒక కొత్త మేకు ఇంటికి తెచ్చుకున్నాడు. భోజనాల బల్ల మీద నీళ్ళలో పలుకులు కరిగించాడు. తనిఖీని పిలిచి కూర్చోమన్నాడు. పిల్ల కూర్చుంది. మేకుని గరుకు కాగితంతో రుద్ది గొట్టంలో దించాడు. మేకు అంచుకి రెండుసార్లు తగిలింది. పిల్ల అలవాటుగా గడియారం చూసింది.

ఐదు నిమిషాలకే మేకు మీద ఎర్రటి గోధుమ రంగు పూత మొదలైంది. ఇరవై నిమిషాలకి నీలం పలచబడింది. ఇనుము తన పని తాను చేసుకుపోతోంది, ఏ సంతకం కోసమూ ఆగకుండా. నలభై నిమిషాలకి గొట్టంలో నీళ్ళు లేత ఆకుపచ్చగా తేలాయి. ఆయన ఇరవై అయిదేళ్ళ సర్వీసులో దాన్ని కళ్ళారా చూడటం అదే మొదటిసారి. గొట్టం ఎత్తి దీపం ముందు పట్టుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు.

"చూడమ్మా. మారింది కదూ?"

తనిఖీ గొట్టం చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. అడుగున పొడి ఉందేమో కూడా చూసింది. తర్వాత దాన్ని జాగ్రత్తగా బల్ల మీద నిలబెట్టింది.

"అవును" అంది. "మారింది సార్."